ఏడో అంశం

బూట్లకంటిన మంచుతోనే వచ్చేశారు అందరూ.
టౌన్ హాల్ చెక్కనేల మీద
కుర్చీ కుర్చీకీ ఒక చిన్న మడుగు.
పనిచేసే హీటర్ ఒక్కటే,
అదీ బోర్డు సభ్యుల కాళ్ల దగ్గర.

నా పని రాయడం.
ఎవరేమన్నారు, ఎవరు బలపరిచారు,
సభ ఎన్నింటికి ముగిసింది.
పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నాను.
కోపం రాయకూడదు. దగ్గు రాయకూడదు.
మినిట్స్ అంటారు గానీ
నిమిషాలేవీ అందులో మిగలవు.

ఏడో అంశం:
మూతపడ్డ సార్డీన్ క్యానరీ స్థలం,
రేవు జోన్ నుంచి నివాస జోన్‌కి మార్పు.
నాలుగంతస్తులు, అరవై రెండు వాటాలు.
పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన కుర్ర ఆర్కిటెక్ట్
నీడ బొమ్మ గోడకి అతికించాడు:
డిసెంబర్ ఇరవై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలు.
నీడ వీధి దాటి
ఎల్వుడ్ పింకమ్ గారి వంటింటిదాకా పాకింది.

పింకమ్ గారు ఫోన్‌లో మాట్లాడారు, ఫ్లోరిడా నుంచి.
అక్టోబర్‌లో తలుపులు బిగించి వెళ్తే
మళ్లీ మే నెలకే రాక.
"నా చలికాలపు ఎండ లాక్కుంటున్నారు" అన్నారు.
ఆయన గొంతు వెనక
ఎవరో కొలనులోకి దభీమని దూకారు.
మొదటిది రాశాను.

డ్వైట్ బీల్ మాట వేరు. అతనికి రేవు కావాలి.
"దిగిన నెల తిరక్కుండా
ఎర డబ్బాల కంపని కాగితం పెడతారు.
తెల్లారి నాలుగింటికి ఇంజన్ చప్పుడని ఇంకో కాగితం.
ఆ తర్వాత నేనెక్కడ పడవ కట్టుకోను?"
ఎవరూ జవాబు చెప్పలేదు.
అతని చేతులు చూస్తే నాకూ తోచలేదు.

పిల్లలు పెరిగి బడి ఇరుకైపోతుందని ఒకావిడ.
మూడో తరగతిలో అయిదుగురే పిల్లలు,
ఆ సంగతి ఆవిడకీ తెలుసు.
బయటివాళ్లు అని ఒకరు,
ఎలాంటి బయటివాళ్లో చెప్పకుండా కూర్చున్నారు.
చప్పట్లు.

జినెట్ ఊలెట్ ఆఖర్న లేచింది,
వృద్ధాశ్రమం యూనిఫాం మీదే కోటు తొడుక్కుని.
రాత్రి డ్యూటీకి యాభై మైళ్లు వస్తుంది,
పొద్దున యాభై మైళ్లు పోతుంది.
పింకమ్ గారి అక్కకి స్నానం చేయించేది ఈమే.
ఆ మాట ఆమె ఎత్తలేదు.
పెట్రోల్ లెక్క చెప్పింది,
దుప్పి అడ్డొచ్చి కారు గుంటలో పడ్డ రాత్రి చెప్పింది,
కాగితం తిప్పి, చోటు వెతుక్కుని,
"మా అబ్బాయి ఈ ఊరి బడికే..."

కోడిపెట్ట టైమర్ మోగింది.
చైర్మన్ వైనల్ గారి వంటింటిది అది,
గుడ్లు ఉడికించేది.
మూడు నిమిషాలంటే అందరికీ మూడు నిమిషాలే.
ఆమె "థాంక్యూ" అని కూర్చుంది.

ముగ్గురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు.
ఏడో ఆయన, స్థలం బావమరిదిది గనక,
వరండాలో నిలబడి కాఫీ తాగాడు.
ఏప్రిల్‌కి వాయిదా.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మడుగులు తుడిచి, దీపాలార్పి ఇంటికొచ్చాను.
మా పెరటి గేటుకే ఉంది
"మన ఊరిని మనూరిగానే ఉంచుదాం" అనే బోర్డు.
మా ఆయన పాతాడు, నవంబర్‌లో.
వద్దని నేను అనలేదు.
నేల గడ్డకట్టింది, ఇప్పుడు పీకినా రాదు
అని చెప్పుకుంటున్నాను.

మర్నాడు టైపు చేశాను:
జినెట్ ఊలెట్. అనుకూలం.
మా అబ్బాయి ఈ ఊరి బడికే
తర్వాత మూడు చుక్కలు.
వైనల్ గారు కళ్లద్దాలు నుదుటికెత్తి
"ఇవేంటి, పొరపాటా?" అన్నారు.
"చూస్తాను" అన్నాను.

చూస్తూనే ఉన్నాను.
మినిట్స్ ఆమోదం కూడా ఏప్రిల్‌లోనే.