చెంచాలో గుంట

వోల్గా గడ్డకట్టిన జనవరి.
బడి మొత్తానికి వంటింట్లోనే పొయ్యి.
యెరెమేయ్‌కి నాలుగేళ్లు.
చూపు లేదు, వినికిడి లేదు.
ఎక్కడ కూర్చోబెడితే అక్కడే
ఎవరో మరచిపోయిన మూటలా.
ఆకలేసినా ఏడవడు.
ఏడిస్తే ఎవరో వస్తారని తెలియాలి కదా,
ఎవరో అనేవాళ్లు ఉన్నారని తెలియాలి కదా.

గ్లఫీరా వాణ్ని వెనకనుంచి ఒళ్లోకి లాక్కుంటుంది.
వాడి పిడికిట్లో చెంచా,
పిడికిలి చుట్టూ తన పిడికిలి.
గిన్నె, నోరు. గిన్నె, నోరు.
ముతక నూకల జావ వాడి మెడ మీదుగా ఆమె మోచేతి దాకా.
వాడు చెంచా విసిరేస్తాడు.
నేలమీద అది మోగుతుంది, ఆమెకి మాత్రమే.
వంగి తీస్తుంది, కడుగుతుంది.
గిన్నె, నోరు.

గోడవతల గదిలో
నగరం నుంచి వచ్చిన లెక్చరర్ వెనియమిన్ లాజరెవిచ్
సుద్దముక్కతో పుర్రె బొమ్మ గీస్తున్నాడు.
"మనసు పైనుంచి దిగదు, ఒప్పుకున్నాం.
బావిలో నీటిలా లోపలినుంచి ఊరేదైతే
ఈ పిల్లాడి బావి ఎందుకు ఎండిపోయింది?
మెదడు నిక్షేపంగా ఉందే!"

గ్లఫీరాకి ఆ మాటలు పట్టవు.
యుద్ధంలో ట్యాంకుల గొలుసులు బిగించిన చేతులు ఆమెవి.
ఆమె నోట్‌బుక్‌లో ఇంతే ఉంటుంది:
నవంబరు 9. వాడి చెయ్యి ఇసక సంచి.
డిసెంబరు 2. కొరికాడు.
డిసెంబరు 20. మళ్లీ కొరికాడు. పళ్లు గట్టివే, మంచిది.
జనవరి 14. గిన్నెకీ నోటికీ సగం దారిలో
చెయ్యి కాస్త తేలికైంది. ఆవగింజంత.
నా భ్రమేమో.

భ్రమ కాదు.
మర్నాడు ఆమె ఆ ఆవగింజంత చోటు వదిలింది.
గట్టిగా పట్టుకుంటే వాడు మళ్లీ మూటైపోతాడు,
వదిలేస్తే జావంతా ఒళ్లో.
వాడు ఎంత ముందుకొస్తే ఆమె అంతే వెనక్కి,
చీకట్లో ఇరుకు గుమ్మం దగ్గర
ఎదురుపడ్డ ఇద్దరిలా.

చెంచాలో ఆ గుంట ఎవరిది?
ఉరల్ ఫ్యాక్టరీలో అచ్చు వేసినవాడిది.
వాడికి పని నేర్పినవాడిది.
అంతకు ముందు కొయ్య తొలిచినవాడిది.
ఇంకా వెనక్కి పోతే, ఏ ఏటి ఒడ్డునో
నీళ్లు కారిపోతుంటే వేళ్లు దగ్గరకు చేర్చి
మొదటిసారి దోసిలి పట్టిన ఎవరిదో.
వాళ్ల పేర్లు పోయాయి, ఎముకలూ పోయాయి.
ఆ వంపు మాత్రం చేతులు మారుతూ మారుతూ
అల్యూమినియమై
ఈ పిల్లాడి గుప్పెట్లో గుచ్చుకుంటోంది.
వాడి తలలో ఇంకా లేనిది తలకు బయట ఉంది,
ఒక సొట్టతో, సబ్బు వాసనతో.

నా భాషలో చెయ్యి అంటే చెయ్యే,
పని చెయ్యి అన్నా చెయ్యే.
రెంటికీ ఒకే మాట వాడుకున్నవాళ్లు
ఏ సిద్ధాంతమూ చదవలేదు.
స్పృహ కలిగితే తెలివొచ్చిందంటాం,
పొద్దు పొడిస్తే తెల్లవారిందంటాం.
ఈ వంటింట్లో
వెలుతురుతో పని లేకుండానే తెల్లవారుతోంది.

ఫిబ్రవరిలో లెక్చరర్ అడిగాడు:
"ఏ నిమిషంలో మొదలైంది, గ్లఫీరా యెగోరొవ్నా?
ఎక్కడ? రాసుకోవాలి."
ఆమె చాలాసేపు బల్ల తుడిచింది.
"నాలో కాదు. వాడిలోనూ కాదు.
మధ్యలో జావ ఉంది కదా, అక్కడెక్కడో."
అతను రాసుకోలేదు.
పెన్నులో సిరా గడ్డకట్టిందో,
సిగ్గేసిందో.

అదే వారం గురువారం,
కాకపోతే శుక్రవారం (నోట్‌బుక్‌లో ఆ పేజీ తడిసింది)
వాడు ఒక్కడే చెంచా నింపాడు.
నోటిదాకా తెచ్చి ఆగాడు.
ఎడమచేత్తో గాలి తడిమి,
ఆమె ముక్కు తడిమి, పెదవి వెతికి,
చెంచా అటు తిప్పాడు.
గురి తప్పింది.
గడ్డానికి తగిలి జావ చొక్కాలోకి కారింది.

తన ఆకలి పక్కన ఇంకో నోరుంది,
ఆ నోరు తనది కాదు.
లోకంలో మొట్టమొదటి ఆలోచన కూడా
ఇంతకంటే శుభ్రంగా జరిగి ఉండదు.

ఆమె నోరు తెరిచింది.
ఉప్పు తక్కువైంది.