ఇంకొంచెం పైకి

బొగ్గుపొగలో ఉలాన్‌బాతర్, మైనస్ ముప్పై ఆరు.
ఆస్పత్రి నేలమాళిగలో నా గది.
ఎడమ కన్ను పనిచేయని మైక్రోస్కోపు,
అంచు విరిగిన టీ కప్పు, నేను.

పై అంతస్తులో బిడ్డకి నాలుగు రోజులు.
పుట్టిన తెల్లారికల్లా పడాల్సిన
తారులాంటి మొదటి విరేచనం
మూడు పొద్దులైనా పడలేదు.
గొర్రె తోక కొవ్వు చీకించి చూసింది నాయనమ్మ.
పొయ్యి సెగకి అరచేయి కాచి పొట్ట నిమిరింది.
ఆపైన వాంతి.
జనవరి గోబీలో ఎక్కడా మొలవని పచ్చదనం
ఆ పొత్తిగుడ్డ మీద.

అరువు జీపులో తెచ్చాడు తండ్రి దమ్‌దిన్,
నాలుగు వందల యాభై కిలోమీటర్లు.
మంచులో రెండుసార్లు దారి తప్పిందట.
దారంతా వాడు ఏడవలేదట.
"ఏడ్చుంటే బావుణ్ణు" అన్నాడు నాతో, మెట్ల దగ్గర.

పొట్ట చుట్టుకొలత ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు,
చర్మం మీద మెరుపు, దాని కింద నీలి గీతలు.
సర్జన్ ఒయున్‌బిలెగ్ చిటికెనవేలు పెట్టి తీయగానే
గాలీ మలమూ ఒక్కపెట్టున చిమ్మి
ఆమె కళ్ళద్దాలు తడిశాయి.
తుడుచుకునేలోపే ఆమెకి రోగం తెలిసిపోయింది.
రుజువు చేయడం నా పని.

పిండానికి అయిదో వారంలో
మెడ దగ్గర బయల్దేరతాయి నాడీకణాలు.
పేగు పొడుగునా దిగుతూ దిగుతూ
మజిలీకి కొన్ని చొప్పున ఉండిపోతూ
పన్నెండో వారానికి చివరంటా చేరాలి.
ఒక్కోసారి ఎందుకో నడుమ ఆగిపోతాయి.
అక్కణ్ణుంచి కిందికి పేగు
బిగదీసుకుని ఉండిపోతుంది,
వదులు కమ్మని చెప్పే దిక్కు లేక.

అయిదు వేల కాన్పులకి ఒకరని పుస్తకంలో ఉంది.
ఆడపిల్ల ఒకరైతే మగపిల్లలు నలుగురని కూడా.
నా రిజిస్టరు వేరే లెక్క చెబుతుంది,
అది తారురోడ్డు దాకా వచ్చినవాళ్ళనే ఎరుగును.

"పేరు?"
"ఎనెబిష్."
'ఇది కాదు' అని అర్థం.
వెతుక్కుంటూ వచ్చే కీడు
గుమ్మంలో పేరు విని వెనక్కి మళ్ళాలని.
ముందు ఇద్దరు మగబిడ్డలు పోయారు.
వాళ్ళ పొట్టలూ ఇలాగే ఉబ్బాయా?
అడగకూడదనుకుంటూనే అడిగాను.
తల్లి సరంగువా గోడ చూసింది,
రొమ్ముల దగ్గర చొక్కా తడిసి ఉంది.
నాయనమ్మ తలూపింది.
నా రిజిస్టరులో ఆ ఇద్దరికీ గడి లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట, మొదటి ముక్క.
గడ్డకట్టించి, కోసి, రంగు వేసి, చూశాను.
లేవు.
ఫోనెత్తి అన్నాను: "ఇంకొంచెం పైకి."
రెండో ముక్క.
లావెక్కిన నరాల కట్టలున్నాయి, కణాలు లేవు.
"పైకి."
మూడోది వచ్చేసరికి టీ చల్లారి మీగడ కట్టింది.
ఒకటి ఉన్నట్టే ఉంది,
రంగు మరక.
"ఇంకొంచెం పైకి" అంటుంటే నా గొంతు నాకే నచ్చలేదు.
అవతల ఆమె ఏమీ అనలేదు, కత్తెర చప్పుడు వినిపించింది.

నాలుగో ముక్కలో
రెండు కండర పొరల నడుమ
గాలికి వీపు పెట్టి కూర్చున్న ఒంటెల్లా
మూడు.
పనిచేసే కంటితో మూడుసార్లు చూశాను.
"ఉన్నాయి. అక్కడే."

మర్నాడు సాయంత్రం పొట్ట మీది సంచిలోకి
చెంచాడంత వచ్చింది.
నాయనమ్మ దగ్గరగా వంగి వాసన చూసి
పళ్ళు లేని నోటితో నవ్వింది.
సిగ్నలు సరిగా అందని ఫోనులో దమ్‌దిన్
వరండా దద్దరిల్లేలా అరుస్తున్నాడు,
"దొడ్డికెళ్ళాడు! వాడే! దొడ్డికి! దొడ్డికి!"
ఎముక విరిగిన పిల్లలు, వాళ్ళ తల్లులు, ఊడ్చే ఆవిడ,
అందరూ విన్నారు.

కాగితాలు సరిచేస్తూ ముసలామెని అడిగాను,
ఇప్పుడైనా పేరు మారుస్తారా అని.
ఇంకో ఆపరేషన్ ఉందిగా, అంది,
ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూస్తూ.
అలాగే ఉంచాను.