బొటనవేలు

వంశధార ఇవతలి గట్టున, గుణుపురానికి ఆరు కోసులు.
మా చర్చికి గంట లేదు, రైలుపట్టా ముక్క ఉంది.
నౌపడా చిన్నరైలు ఆగిపోయిన ఏడాది
మా బావమరిది బండి మీద మోసుకొచ్చాడు.
కోతల పండుగ పొద్దున దాన్ని కొడితే
కొండమీది సవర పల్లెల దాకా వినిపిస్తుంది.

మంచు విడకముందే దిగారు అందరూ.
తలల మీద గుమ్మళ్ళు, చంకల్లో కందికట్టలు,
పసుపు కొమ్ములు, మట్టి వదలని అల్లం,
కాళ్ళు కట్టిన పుంజొకటి
పాస్టరుగారి కంటే ముందే ప్రార్థన ఎత్తుకుంది.
ఒరియాలో ఒక పాట, తెలుగులో ఒక పాట.
సవరలో పాడేటప్పుడు మాత్రం
మాలో సగంమంది పెదాలు ఆడిస్తాం.

పాస్టరుగారికి జలుబు.
ఏది చల్లితే అదే కోస్తామని చెప్పి తుమ్మారు.
అందరూ తలలూపారు. నేనూ ఊపాను.
భయమెందుకు నాకు?
నేను చల్లేవాణ్ణి కాదు,
విత్తనాలు అప్పిచ్చేవాణ్ణి.

జ్యేష్ఠంలో కుంచం, మార్గశిరంలో కుంచమున్నర.
అంతా ఎర్ర అట్ట పుస్తకంలో ఉంది.
పుస్తకంలో లేనిది ఒక్కటే:
ఇచ్చేటప్పుడు కుంచం అంచు పట్టుకున్న చేతికి
బొటనవేలు లోపలికి వంగేది.
పుచ్చుకునేటప్పుడు బయట ఉండేది.
ఎవరూ నేర్పలేదు,
మా నాన్న చేతిని చూసి నా చెయ్యి నేర్చుకుంది.
వేలెడంత చోటులో ఎన్ని గింజలు పడతాయి?
గుప్పెడు కూడా కాదు.
ముప్పై ఏళ్ళు. నలభై గడపలు.
ఆ గుణకారం నేనెప్పుడూ చెయ్యలేదు.

ఒకే ఒక్కసారి కంటపడింది.
వానలు ఎగ్గొట్టిన ఏడు, ఎలీసబ గొమాంగో పోడులో
చోళ్ళు పచ్చగా లేచాయి,
పై అంచున మాత్రం విత్తనం చాలక
కొంచెం మేర బోడిగా ఉండిపోయింది.
కిందనుంచి చూస్తే బొటనవేలంత.
పిట్టలు తినేశాయేమో అన్నాను, అడగనివాళ్ళకి కూడా.

ఈ పండుగకి కానుకలు కొలవమని సంఘం నాకే చెప్పింది.
చెయ్యి తిరిగినవాడన్నారు. కుంచం కూడా మాదే.
ఎలీసబ వంతు వచ్చింది.
పాత చీర చెంగులో చోళ్ళు,
ముడి విప్పి కుంచంలోకి వంపుతూ
సగంలో ఆగింది.
"ఏలు తియ్యి బాబూ," అంది. "ఇది అప్పు కాదు గదా."

కోపంగా అనలేదు.
దారికి అడ్డంగా పడుకున్న దూడని
లేవమన్నట్టు అంది.

వెనక వరసలో ఎవరో దగ్గారు.
వేలు తీశాను.
అది వదిలిన గుంటలోకి గింజలు జారాయి,
ఆమె ఇంకా వంపింది,
గోపురం కట్టి, అంచులు దాటి,
నా పాదాల మీద రాలేదాకా.
రాలినవి ఏరుకోలేదు.

మధ్యాహ్నం వేలం.
పుంజు నూట అరవై, గుమ్మడికాయ నలభై.
ఆ కుంచం చోళ్ళకి నేను వంద పాడాను.
ఇంకెవరూ నోరెత్తలేదు. నూట యాభై అన్నాను.
మూడొందలు అన్నాను. ఏడొందలు.
"నీకు నువ్వే పోటీనా గాబ్రియేలూ?"
పాస్టరుగారు నవ్వితే సంఘమంతా నవ్వింది.
ఎలీసబ నవ్వలేదు, చెంగు దులుపుకుంటోంది.

పాస్టరుగారి మాటే నిజమైతే
ఆ పూట నాకు దక్కాల్సింది కొండమీది ఆ బోడి నేల.
దక్కింది గోపురం కట్టిన కుంచం.
ఎర్ర పుస్తకం తెరిచి చాలాసేపు కూర్చున్నాను,
దీన్ని జమలో రాయాలా, బాకీలో రాయాలా తెలియక.

ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ.
ఆ చోళ్ళు వండలేదు, అమ్మలేదు.
జ్యేష్ఠం వచ్చింది, గుమ్మంలో ఎవరో పిలుస్తున్నారు.
కుంచం ఎత్తాను.
నాలుగు వేళ్ళకీ పని తెలుసు.
అయిదోది, చర్చి మెట్ల మీద
చెప్పులకు కాపలా ఉన్న పిల్లాడిలా
బయట నిలబడి లోపలికి చూస్తోంది.