టీ టైమ్

రాత్రి పదకొండూ నలభైకి టీ టైమ్ దొరికిందన్నాడు తాతబ్బాయి,
ఫోను గట్టుమీద పెట్టి, స్పీకరు పెంచి.
మేత బస్తాలు దించుతున్న కుర్రాడు తలెత్తి
"అంత రాత్రప్పుడు టీ ఎవడు కాస్తాడండీ" అన్నాడు.
నవ్వాం. చెప్పబోయాం.
టీ అంటే తాగేది కాదురా, పుల్ల.
ఇంత కొయ్యపుల్ల. దాని నెత్తిన బంతి.
నార్వేలో జూన్ నెలంతా పొద్దు గుంకదు,
అర్ధరాత్రి ఆడుకోవచ్చు.
వాడు మా నలుగుర్నీ ఒకసారి చూసి
ఇంకో బస్తా ఎత్తుకున్నాడు.

నలుగురం: నేను, తాతబ్బాయి,
పళ్ల డాక్టరు గజపతి, ఐసు ఫ్యాక్టరీ మోజెస్.
ఆకివీడు దాటాక ఎడమచేతి వైపు
పట్టుబడి అయిపోయి ఎండేసిన రెండెకరాల చెరువు మా మైదానం.
నెర్రెలిచ్చిన అడుగు.
మూలల్లో పాతిన పీవీసీ గొట్టాలే గుంతలు.
సున్నం చల్లిన చోట తెలుపు, లేనిచోట నలుపు,
పచ్చదనం అంటారా, గట్టుమీది కొబ్బరిదే.
గట్టిగా కొడితే బంతి పక్క చెరువులో మునుగుతుంది.
మొన్న ఆ చెరువులో వల లాగితే
వంద కౌంటు రొయ్యల మధ్య పదకొండు బంతులు.
కొనడానికొచ్చినాయన ఒకటి కాటాలో వేసి
"ఇరవై రెండు కౌంటుందండీ" అన్నాడు, నవ్వకుండా.

ఖర్చు రాశాం, మేత లెక్కల పుస్తకం వెనక అట్టమీద.
విమానం, వీసా, అద్దె కారు,
నోరు తిరగని ఊళ్లో సముద్రం ఒడ్డున ఎర్ర చెక్కగది,
కర్రల సంచికి వేరే రుసుము.
కిలో రెండొందల అరవై పలికితే తొమ్మిది రోజులు.
రెండొందల పదయితే ఐదు.
నూట ఎనభైకి పడితే
యానాం వెళ్లొచ్చేద్దాం అన్నాడు మోజెస్.
భీమవరంలో గాలికోటు అడిగితే వానకోటు చూపించారు.
తొడుక్కుని అద్దం ముందు నిలబడి
లోపల్నించి తడిసిపోయాను.
ఆవకాయ కట్టాలా వద్దా అని ఒక గంట.
నూనె కారితే కర్రమీద పట్టు జారుతుందని డాక్టరు.
ఇప్పుడేదో ఉన్నట్టు, అని తాతబ్బాయి.

నా సంగతి వీళ్లకి చెప్పలేదు.
నాకు ఆటకన్నా ఆ రాత్రి మీదే ఆశ.
ఇరవై రెండేళ్లుగా రాత్రంటే నాకు తెల్లారగట్ల మూడు గంటలే.
ఆ వేళకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది.
కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే
చప్పుడుకి కాదు, చప్పుడు లేకపోవడానికి మెలకువొస్తుంది.
లుంగీ ఎగ్గట్టి, టార్చి, డీజిలు డబ్బా.
అంచుకొచ్చి తేలుతుంటాయి రొయ్యలు,
వెలుగు పడితే ఎర్రెర్రని కళ్లు, వేలు,
అప్పు ఇచ్చినవాళ్లు చూసినట్టు.

ఒక రాత్రి జనరేటరు అందుకున్నాక
కాపలా యేసోబుతో అన్నాను, పొద్దు గుంకని చోటికి వెళుతున్నానని.
బీడీ సగం కాలేదాకా మాట్లాడలేదు.
"అయితే అక్కడ నాచు రేత్రంతా పని చేత్తదండి.
గాలి పడిపోదు.
మూడింటికి లెగక్కర్లేదు."
నాకు తట్టనే లేదు. నిజమే కదా.
మళ్లీ అతనే, బీడీ గట్టుకేసి నలిపి,
"నాలాంటోడికి పనుండదు" అన్నాడు.

ఇంక నిద్ర పట్టలేదు.
ఎండు చెరువులోకి దిగి ఏడో నంబరు కర్రతో ఒకటి కొట్టాను.
చీకట్లో ఎటు పోయిందో.
నీళ్లలో పడితే బుడుంగుమనాలి. అనలేదు.
నేలమీద పడితే టక్కుమనాలి. అదీ లేదు.
గట్టుమీద యేసోబు అడక్కుండానే టార్చి వేసి
వెతకడం మొదలెట్టాడు, తప్పువైపు.

జూన్‌కి ఇంకా నాలుగు నెలలుంది.
ఇవాళ వంద కౌంటు రెండొందల ముప్పై.