గచ్చు

కనిగిరిలో పామూరు రోడ్డు మీద మా క్లినిక్కు.
నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునే ఊళ్లు చుట్టూ.
వాళ్లకి అరచెయ్యి. నాకు మాస్కు.

ఈ పూట హుసేన్‌బీ వచ్చింది, మూడో తరగతి.
ఊగుతున్న పాలపన్ను కొబ్బరిముక్కంత తెలుపు.
పక్కన కొత్తగా వచ్చిందాని మీద సుద్దగీతలు,
నడుమ ఆరిపోయిన టీ మరక.
"పాతది బాగుండి కొత్తది మురికేందమ్మా?
బొగ్గు పెట్టి కూడా రుద్దా," అంది వాళ్లమ్మ.

మా నాన్న మాలకొండయ్య గచ్చు మేస్త్రీ.
మూల నుంచి మొదలుపెట్టి
తాపీతో నున్నగా దిద్దుకుంటూ, వెనక్కి వెనక్కి
గడప దాకా వచ్చేవాడు.
దాటాక లోపలికి పోరాదు.

చిగురు కింద చీకట్లోనూ అదే పని.
కంటికానని మేస్త్రీలు
రోజుకి వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన
సున్నమూ భాస్వరమూ కడ్డీలుగా పేర్చి వెనక్కి జరుగుతారు.
రోజుకో సన్నగీత, హాజరు పట్టీలో లాగా.
ఏళ్ల తరబడి.
పన్ను పైకొచ్చేనాటికి ఒక్కరూ మిగలరు.
రెండో పూతకి కూలి దొరకదు.

ఒంట్లో ఇంతకన్నా గట్టిది లేదు.
విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఊడిన గోరు మొలుస్తుంది.
దీనికి నెత్తురు లేదు, నొప్పి తెలీదు,
పెచ్చు లేస్తే లేచిందే.
గోలీసోడా పులుపుకి మాత్రం మెత్తబడుతుంది.
ఉమ్మి కాస్త పూడుస్తుంది, గుంటపడనంత వరకే.

పాలపన్ను పూత చాలావరకు
కడుపులోనే అయిపోయింది, మాయ వడపోసిన నీళ్లతో.
కొత్తదాని పూత వీధి బోరుతో.

ఒకసారి మా వసారా ఆరకముందే కోడి తొక్కింది.
నాన్న పోయాడు. కోడీ పోయింది.
మూడు వేళ్ల గుర్తు ఇంకా ఉంది,
తుడిచేకొద్దీ మెరుస్తూ.

"నా పన్ను మీద కోడి ఎప్పుడు తొక్కింది?"
హుసేన్‌బీ అడిగింది.
"నువ్వు పాకేటప్పుడు."

అప్పుడు చూశాను
వాళ్లమ్మ చంకలో ఎనిమిది నెలల వాణ్ని.
బోసినోటితో నవ్వుతున్నాడు, చెయ్యి అడ్డం లేకుండా.
పాలడబ్బా పొడి కలిపిన సీసా చేతిలో.
"నీళ్లెక్కడివి?"
"ఇంటిముందు బోరువే. తియ్యగుంటాయి."

వాడి చిగుళ్ల కింద గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది.

సీసా లాక్కుని సింకులో వంపేశాను.
వాడు ఏడుపందుకున్నాడు.
కడిగి, క్యాను నీళ్లు కాచి, కలిపి ఇచ్చాను.
"క్యాను ఇరవై రూపాయలమ్మా," అంది వాళ్లమ్మ,
అరచేతి వెనక నుంచి.

అవును. ఇది ఈ పూటకే.