అప్పిటీ

అమీర్‌పేటలో మూడో అంతస్తు, ఏడున్నర బ్యాచ్.
కింది జిరాక్స్ మిషన్ల వేడి
మెట్లెక్కి క్లాసులోకి వస్తుంటుంది.
మెట్రో పోయినప్పుడల్లా
బోర్డు మీద నా అక్షరాలు కొంచెం వణుకుతాయి.
అందరూ ఇంటర్వ్యూల కోసం చేరతారు.
ఈదమ్మ ఒక్క మాట కోసం చేరింది.

ఫీజు కట్టిన రోజే అడిగింది:
"సారూ, ఇంగ్లీషుల అప్పటి అంటే ఏంది?"
అది తెలుగే కదమ్మా, అన్నాను.
"కాదు, మా మేడం ఫోన్ల అన్నది.
షీ ఈజ్ సో అప్పటి, అన్నది.
నా దిక్కు చూసుకుంటనే అన్నది.
అప్పటి ఈదమ్మ కాదు అన్నదేమో అనుకున్న.
మళ్ల, అప్పుల మనిషి అన్నదేమో అనుకున్న.
స్కూటీ అప్పు మీదనే తెచ్చిన గద."

కోకాపేటలో ముప్పై రెండంతస్తుల టవర్.
నాలుగు ఫ్లాట్లలో వంట. పద్నాలుగేళ్లు.
మొన్న దసరాకి సెకండ్ హ్యాండ్ స్కూటీ కొని
సెల్లార్‌లో తెల్ల కారు పక్కన నిలబెట్టింది.
అంతే.
గీత దాటలేదు. కారుకి గీత పడలేదు.
హ్యాండిల్‌కి నిమ్మకాయ, ఏడు మిరపకాయలు.

సుద్దముక్కతో అప్పిటీ అని రాశాను.
దాని కింద, అలవాటుగా, పొగరు.
చాలలేదు. గీర అని రాశాను.
టెక్కు. మిడిసిపాటు. బలుపు.
వెనక బెంచీలోంచి ఎవరో "షేఖీ, సార్" అన్నారు.
ఇంకొకడు "నకరాలు" అన్నాడు.
క్లాసంతా నవ్వు.
ఈ ఊళ్లో ఈ సరుక్కి కొరత లేదు,
నాలుగు భాషల్లో నిల్వ ఉంది.

ఈదమ్మ నవ్వలేదు.
"మా సారు వాచ్‌మన్ మీదికి చెప్పు లేపిండు ఒకపారి.
అది అప్పిటీయా?"
కాదమ్మా. దానికి వేరే మాట.
"మేడం కొడుకు బళ్లె టీచరమ్మను తిట్టొచ్చిండు.
అది?"
దాన్ని కాన్ఫిడెన్స్ అంటారు, అన్నాను.
జోకనుకుని అన్నాను.
ఆమె అది కూడా నోటుబుక్‌లో ఎక్కించుకుంది.

పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి,
ఆ మాట నాకు లోపలి నుంచి అప్పుడే కనబడింది.
పొగరు ఎవరికైనా ఉంటుంది,
రాజుకి, ఆంబోతుకి,
కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడికి.
ఇది అది కాదు.
పై మెట్టు మీద కూచున్నవాళ్లు
కింది మెట్ల మీది తలలు లెక్కపెట్టుకుని
ఒకటి తక్కువొచ్చిందే అని
ఉలిక్కిపడి అనే మాట.

ఇదంతా ఇంగ్లీషులో గడగడా చెప్పగలను.
తెలుగులో గొంతు పట్టేసింది.
ఎందుకంటే ఆ సాయంత్రమే
చాయ్ తెచ్చే ముజీబ్
"పోయిన నెల పైసలు, సార్" అని గ్లాసు ఇవ్వకుండా నిలబడితే
"బలిసిందా రా నీకు?" అన్నాను.
ఒక్క ఇంగ్లీషు ముక్క కలవకుండా,
వ్యాకరణం తప్పకుండా.

వాక్యం రాయమ్మా, అన్నాను, తప్పించుకోవడానికి.
పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు ఆలోచించి
పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చింది:
ఐ యామ్ పార్కింగ్ అప్పిటీ.

తప్పు. విశేషణం అక్కడ నిలబడదు.
ఎర్ర పెన్ను తీశాను.
మెట్రో పోయింది. బోర్డు వణికింది.
పెన్ను జేబులో పెట్టేసుకున్నాను.

తొమ్మిదికి దిగేసరికి
జిరాక్స్ షాపు ముందు బైకుల వరసలో
నిమ్మకాయ స్కూటీ.
ఆమె కిక్ కొడుతోంది. మూడోదానికి అందుకుంది.
వెనక్కి చూడకుండా ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

ముజీబ్ స్టవ్ ఆర్పుతున్నాడు.
ఎంత రా, అనబోయి
చివరి అక్షరం మింగి
"ఎంత?" అన్నాను.
"ఆరొందల నలభై."
నోట్లు తీసుకుని, లెక్కపెట్టి,
నా కళ్లలోకి చూశాడు.
చూపు దించలేదు.
నాకు ఇంకా
కొంచెం కష్టంగానే ఉంది.