అరగంటకొక బస్సు

పాఠ్యపుస్తకంలో ఒక సంచీ ఉంటుంది.
సంచీలో ఏడు ఎర్రబంతులు, అయిదు నల్లబంతులు.
పద్దెనిమిదేళ్ళుగా అందులో చెయ్యి పెట్టి
బంతి తీస్తూనే ఉన్నాను,
చీపురుపల్లి డిగ్రీ కాలేజీలో, మొదటి పీరియడ్.
ఆ సంచీ ఎవరిదని
ఒక్క పిల్లా అడగలేదు.

ఆ రోజు సగటు చెబుతుంటే
తలుపు దగ్గర తొమ్మిదిమంది,
చెప్పుల నిండా దుమ్ముతో.
"మళ్ళీ లేటు" అన్నాను.
"బస్సు నేదు సార్" అన్నాడు అసిరినాయుడు.
"అరగంటకొకటని డిపో బోర్డు మీద రాసుంది కదా."
"బోర్డు మీద ఉంది సార్. రోడ్డు మీద నేదు."
తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.
ఎర్రకలంతో చుక్కలు మాత్రం పెట్టాను.

సంచీలోకి పోబోయిన చెయ్యి ఎందుకో ఆగింది.
"సరే, వారం రోజులు రాయండి.
ఏ బస్సు ఎప్పుడొచ్చిందో, గడియారం చూసి.
ఉజ్జాయింపులొద్దు. కోపాలొద్దు."

సోమవారానికి లెక్కలొచ్చాయి.
ఒకడు కరెంటు బిల్లు వెనకాల,
ఒకడు అరచేతి మీద, సగం చెరిగిపోయి.
హైమావతి మాత్రం గళ్ళపుస్తకంలో.
స్టాపు పక్క టీకొట్టు గడియారం
నాలుగు నిమిషాలు ముందుంటుందని
అడుగున గమనిక కూడా.

ఏడింటికొకటి.
ఏడూ అయిదుకి దాని వెనకాలే
తల్లిని వెతుక్కునే దూడలా ఇంకొకటి.
తర్వాత ఎనిమిది దాకా ఎర్రమట్టి, ఎండ.
ఎనిమిదికొకటి, ఎనిమిదీ అయిదుకి దాని తోక పట్టుకుని మరొకటి,
మళ్ళీ తొమ్మిదికే.
అయిదు, యాభై అయిదు, అయిదు, యాభై అయిదు.
కూడి, నాలుగుతో భాగించి
బోర్డు మీద రాశాను: ముప్పై.
సుద్దముక్క అక్కడే నిలబడిపోయింది.
డిపో అబద్ధం చెప్పలేదు.

"మరైతే మాము అబద్ధమాడినామా సార్?"

లేదు. ఏడు నుంచి ఎనిమిది దాకా
నిమిషానికొకరు చొప్పున
అరవైమంది స్టాపుకి నడిచొచ్చారనుకో.
ఆ అయిదు నిమిషాల సందులో దూరేది అయిదుగురే.
తక్కిన యాభై అయిదుగురూ
ఆ పొడుగాటి ఖాళీలోనే పడతారు.
బస్సుల్ని అడిగితే ఖాళీ అరగంట.
మనుషుల్ని అడిగితే యాభై నిమిషాల పైమాట.
రెండూ నిజమే.
ఎక్కడ నిలబడి లెక్కపెట్టావన్నదే ప్రశ్న,
డిపో గేటు దగ్గరా,
మెరకముడిదాం రోడ్డు మీదా.

వెనక బెంచీలో ఎవడో "ఓలమ్మ!" అన్నాడు.
ఆ ఒక్క మాట కోసమేనేమో
ఇన్నేళ్ళూ బంతులు తీశాను.

సాయంత్రం స్టాఫ్ రూం గుమ్మంలో హైమావతి.
"సార్, బస్సెక్కినోళ్ళనే రాసినాను.
సూసి సూసి ఇంటికెళ్ళిపోనోళ్ళు ఉన్నారు.
సంతకి వంకాయల గంప తెచ్చిన నూకాలమ్మ
గురువారం ఎండకి ఆగలేక ఎనక్కెళ్ళిపోనాది.
మా వీధి రోహిణి దసరా నుంచీ రావడమే నేదు.
ఆళ్ళు ఎంతసేపు ఆగినట్టు సార్?
ఏ గడిలో రాయాల?"

హాజరుపట్టీ తీశాను. ఇరవై మూడో నంబరు.
సెప్టెంబరు నిండా నా ఎర్రచుక్కలు,
తర్వాత ఒక గీత.
నేనే గీశాను, స్కేలు పెట్టి, వంకర పోకుండా.

కళ్ళజోడు తుడుచుకున్నాను, అవసరం లేకపోయినా.
గళ్ళపుస్తకం అందుకుని
చివర ఒక నిలువు వరస కలిపాను.
పైన ఏం పేరు పెట్టాలో తోచలేదు.
"అలాగే ఉండనీండి సార్" అంది,
"ముందు మనుషులొస్తారు, పేరు తరవాత సూద్దాం."

బయట హారన్ మోగింది.
పుస్తకం లాక్కుని పరుగెత్తింది.
దీని వెనకాల అయిదు నిమిషాల్లో
ఇంకొకటి ఉంటుందని ఇద్దరికీ తెలుసు.
అయినా పరుగెత్తింది.
ఇప్పుడొచ్చింది మొదటిదో, రెండోదో
ఆ బస్సుకి మాత్రం ఏం తెలుసు.